పిప్ చేతికి వచ్చిందా? రాజీనామా మాత్రం ఊరికే రాసివ్వకండి

మేనేజర్‌తో వారం వారం ఉండే సమావేశానికి ఈసారి హెచ్‌ఆర్ పేరు కూడా చేరి ఉంటే, విషయం దగ్గర ఏమీ రాసి లేకపోతే, రాబోయేది ఏమిటో సగం తెలిసిపోయినట్టే. పనితీరు మెరుగుదల ప్రణాళిక. ఐటీ ఉద్యోగుల నోట అది పిప్. 30, 60 లేదా 90 రోజుల గడువు, నాలుగైదు లక్ష్యాలు, వారానికో సమీక్ష, ఆఖరున ‘లక్ష్యాలు అందుకోకపోతే ఉద్యోగం నుంచి తొలగించడంతో సహా తగిన చర్య తీసుకోవచ్చు’ అనే వాక్యం. చదివితే మిమ్మల్ని నిలబెట్టడానికే ఇంత శ్రమ పడుతున్నారనిపిస్తుంది. వాడకంలో మాత్రం చాలా కంపెనీలకు ఇది మీ చేతే రాజీనామా రాయించే పనిముట్టు.

తొలగించే అధికారం ఉండగా రాజీనామా కోసం ఇంత తిప్పలు ఎందుకు? తొలగింపుకు ఖర్చుంది. కారణం చూపాలి, నోటీసు ఇవ్వాలి, పరిహారం లెక్క కట్టాలి, ఆ తర్వాత లేబర్ అధికారి ముందు నిలబడి జవాబు చెప్పాల్సి రావచ్చు. రాజీనామాకు ఇవేవీ లేవు. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మీరు ఒక్క పంక్తి టైపు చేసి పోర్టల్‌లో బటన్ నొక్కితే కంపెనీ నెత్తిన బరువంతా దిగిపోతుంది. పత్రికలకు చెప్పే లెక్కల్లోనూ మీరు ఉద్యోగం పోగొట్టుకున్నవారు కారు, మీ అంతట మీరే వెళ్లిపోయినవారు. అంటే ఆ పంక్తికి ధర ఉంది. బేరానికి మీ దగ్గర మిగిలింది దాదాపు అదొక్కటే. దాన్ని భయంతోనో, ఆ గదిలోంచి ఎలాగైనా బయటపడాలనే తొందరతోనో ఉచితంగా ఇచ్చేయకుండా ఉండడానికి ఏ రోజు ఏమి చేయాలో కింద రాస్తున్నాను.

2017 జులైలో టెక్ మహీంద్రాలో ఒక ఉద్యోగికి హెచ్‌ఆర్ ఫోను చేసి, మర్నాడు ఉదయం 10 గంటల్లోపు రాజీనామా చేయాలని, లేకపోతే తామే తొలగిస్తామని చెప్పిన ఆడియో బయటికి వచ్చింది. ఆనంద్ మహీంద్రా స్వయంగా క్షమాపణ చెప్పారు. 2025 జూన్‌లో టీసీఎస్ కొత్త బెంచ్ విధానం తెచ్చింది: ఏడాదిలో 225 రోజులు బిల్లింగ్, అంటే క్లయింట్ డబ్బు చెల్లించే పని ఉండాలి, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా 35 రోజులకు మించి ఉండకూడదు. ఆ మరుసటి నెలలోనే సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే సుమారు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఏటా అడుగున ఉన్న పదిశాతాన్ని పంపేయాలన్న పద్ధతికి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ పేరు తెచ్చారు. మైక్రోసాఫ్ట్ అలాంటి ర్యాంకుల పద్ధతిని 2013లో వదిలేసింది. మన దగ్గర మాత్రం బెల్ కర్వ్, అంటే ప్రతి బృందంలో ఇంతమందికి తక్కువ రేటింగు ఇవ్వాలన్న లెక్క, వేరు వేరు పేర్లతో బతికే ఉంది. మేనేజర్ల వైపు కుర్చీలో కొన్నాళ్లు కూర్చున్నవాడిగా ఒక్కటి చెప్పగలను: బడ్జెట్ ముందు వస్తుంది, పేర్లు తర్వాత వస్తాయి, కారణాలు ఆఖర్న వెతుకుతారు. అన్ని పిప్‌లూ ఇలాంటివేనని అనను. అందుకే మీకు వచ్చినది ఏ రకమో తేల్చుకోవడానికి కూడా ఒక అంచె పెట్టాను.

మొదటి సమావేశం

ఆ అరగంటలో మీ పనిని సమర్థించుకోవడం వృథా. ఎదుటివారు నిర్ణయం చేసుకునే వచ్చారు. ఆవేశంలో మీరు అనే మాట ‘విమర్శను స్వీకరించే గుణం లేదు’ అనే వాక్యంగా మారి ఫైలులో చేరుతుంది. కన్నీళ్లు వస్తే రానివ్వండి, అందులో తప్పేమీ లేదు. నోటు పుస్తకం మాత్రం తెరిచి పెట్టుకోండి. తేదీ, సమయం, ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏమన్నారు అన్నీ వాళ్ల ఎదుటే రాసుకోండి. రాసుకునే మనిషి ముందు మాటలు కాస్త జాగ్రత్తగా వస్తాయి.

ఎక్కువ మాట్లాడకుండా ప్రశ్నలు అడగండి. పనితీరు బాగా లేదని ఏయే ఘటనల ఆధారంగా అంటున్నారు? అవి జరిగినప్పుడు నాకు రాతలో ఎక్కడ చెప్పారు? లక్ష్యం నెరవేరిందో లేదో ఎవరు, ఏ కొలతతో తేలుస్తారు? నెరవేరితే పిప్ ముగిసిందని లేఖ ఇస్తారా? ఈలోగా ఇంక్రిమెంటు, బోనస్, వేరే ప్రాజెక్టుకు మారడం వీటి సంగతేమిటి? అన్నిటిలోకీ కొలత గురించిన ప్రశ్న ముఖ్యం. దానికి స్పష్టమైన జవాబు లేదంటే ఆ పిప్‌లో నెగ్గే దారి పెట్టలేదని అర్థం.

ఇప్పుడే సంతకం చేయమంటే చదువుకోవడానికి ఒకటి రెండు రోజులు అడగండి. కుదరదంటే సంతకం పక్కన ‘ప్రతి అందినది. ఇందులోని అంశాలను అంగీకరించినట్టు కాదు’ అన్న అర్థం వచ్చేలా రాసి తేదీ వేయండి. పోర్టల్‌లో బటన్ తప్ప ఏమీ లేకపోతే, నొక్కిన వెంటనే అదే అర్థంతో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. సంతకం చేయనని మొండికేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ‘నిరాకరించారు’ అని రాసుకుని ముందుకు వెళతారు, పైగా అది క్రమశిక్షణ సమస్యగా కనిపిస్తుంది.

ఆ రాత్రి సర్దుకోవాల్సిన కాగితాలు

లాగిన్ ఎప్పుడు ఆపేస్తారో ఎవరూ చెప్పరు. కాబట్టి మీ వ్యక్తిగత పత్రాలన్నీ ఆ రాత్రే దింపుకోండి: నియామక పత్రం, పే స్లిప్పులు, ఇంక్రిమెంటు లేఖలు, పాత అప్రైజల్ రేటింగులు, బోనస్, షేర్ల ఒప్పందాలు, ఫారం 16, ఆరోగ్య బీమా కార్డు. పీఎఫ్‌కు సంబంధించిన యూఏఎన్ ఖాతాకు, బీమా పోర్టల్‌కు ఆఫీసు మెయిల్ ఇచ్చి ఉంటే సొంత మెయిల్‌కు మార్చండి.

ఇక్కడే చాలామంది చేయకూడని పని చేస్తారు. క్లయింట్ మెయిళ్లను, కోడ్‌ను, డిజైన్లను ఆధారం పేరుతో సొంత జీమెయిల్‌కు పంపుకుంటారు. డేటా బయటికి పోవడాన్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్ పెద్ద ఆఫీసుల్లో మామూలే. ‘పనితీరు’ అనే బలహీనమైన కారణంతో ఇబ్బంది పడుతున్న హెచ్‌ఆర్‌కు ‘దుష్ప్రవర్తన’ అనే గట్టి కారణాన్ని మీరే తెచ్చి ఇచ్చినట్టవుతుంది. క్లయింట్ మెచ్చుకున్న మెయిళ్లు ఉంటే వాటిని జతచేసి హెచ్‌ఆర్‌కే, ఆఫీసు మెయిల్ నుంచే పంపండి. అవి కంపెనీ సర్వర్‌లోనే ఉంటాయి, కానీ మీరు పంపినట్టు రికార్డు ఏర్పడుతుంది. సొంత డైరీలో ఏ తేదీన, ఎవరు, ఏ పని గురించి ఏమన్నారో మీ మాటల్లో రాసుకుంటే చాలు.

ఇంట్లో చెప్పండి. తెల్లాపూర్‌లో ఫ్లాటుకు ఈఎంఐ కడుతూ, రెండు నెలలు ఎవరికీ తెలియకుండా రోజూ లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బయటికి వెళ్లే మనుషులున్నారు. రాజీనామా గదిలో తొందరపడి సంతకం చేసేది ఎక్కువగా వాళ్లే. ఆరు నెలల ఖర్చుకు ఎంత ఉందో భార్యాభర్తలు కూర్చుని లెక్క వేసుకుంటే, ‘ఈ రోజే తేల్చండి’ అన్నప్పుడు ‘తేల్చను’ అనే ధైర్యం వస్తుంది.

నిజమైనదా, సాకా?

నిజంగా నిలబెట్టాలనుకునే మేనేజర్ పిప్‌కు ముందే రెండు మూడుసార్లు మీతో విడిగా మాట్లాడి ఉంటాడు. లక్ష్యాలు మీ చేతిలో ఉన్న పనికి సంబంధించినవై ఉంటాయి. వారపు సమీక్ష జరుగుతుంది, జరిగినప్పుడు బాగున్నది బాగుందని రాస్తారు. ఇలాంటిది వస్తే అహం పక్కన పెట్టి పని చేయండి. బయటపడినవాళ్లు ఉన్నారు.

సాకు అయితే దాని జాడలు వేరుగా ఉంటాయి. గత అప్రైజల్‌లో మంచి రేటింగు ఇచ్చిన చేతులే మూడు నెలలకు పిప్ రాస్తాయి. లక్ష్యాల్లో ‘చొరవ పెంచుకోవాలి’, ‘నాయకత్వ లక్షణాలు చూపాలి’ లాంటి కొలవలేని మాటలు ఉంటాయి. బెంచ్ మీద ఉన్నవారికి ‘బిల్లింగ్ ప్రాజెక్టు తెచ్చుకోవాలి’ అని పెడతారు, అది వాళ్ల చేతిలో ఉన్న పనే కాదు. మీ పనులు మెల్లగా పక్కవారికి బదిలీ అవుతుంటాయి. మరీ ముఖ్యంగా, ఒకే వారంలో మీ అంతస్తులో మరికొందరికీ అదే నమూనా కాగితం అందుతుంది. ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చిన వెంటనే, మేనేజర్ మీద ఫిర్యాదు చేసిన వెంటనే, పెద్ద జబ్బు చేసి సెలవు పెట్టిన వెంటనే పిప్ వస్తే ఆ తేదీల వరసను ప్రత్యేకంగా రాసి పెట్టుకోండి. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ కారణంగా తొలగించడం 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచే నిషేధం. తిరిగి రాగానే వచ్చిన పిప్‌ను ఆ కోణంలో ప్రశ్నించవచ్చు.

జవాబు మెయిల్

మూడు రోజుల్లోపు ఒక జవాబు వెళ్లాలి. చాలామంది ఇది రాయరు. రాయకపోతే పిప్‌లోని ఆరోపణలన్నీ మీరు ఒప్పుకున్నట్టే ఫైలులో మిగిలిపోతాయి. మెయిల్ చిన్నదిగా, చల్లగా ఉండాలి. కోపం, వేడుకోలు రెండూ వద్దు. ఇంగ్లీషులోనే పంపుతారు కనుక సారం మాత్రం ఇస్తున్నాను:

‘ఫలానా తేదీన నాకు పిప్ ప్రతి అందింది. పని మెరుగుపరచుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అయితే అందులోని ఈ మూడు అంశాలు వాస్తవానికి సరిపోవు. (ఒక్కొక్కటీ తేదీతో, రెండేసి పంక్తుల్లో.) గత ఏడాది నా రేటింగు ఇది. పిప్‌కు ముందు ఈ లోపాల గురించి నాకు రాతలో ఏదీ రాలేదు. రెండో, నాలుగో లక్ష్యాలకు కొలత లేదు, దయచేసి రాసి ఇవ్వండి. మూడో లక్ష్యానికి ఫలానా సాఫ్ట్‌వేర్ అనుమతి, ఫలానా శిక్షణ కావాలి, ఎప్పటికి ఏర్పాటు చేస్తారో తెలపండి.’

మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు ఇద్దరికీ పంపండి. ఆఖరి వాక్యం చాలా పని చేస్తుంది. మీరు అడిగినది వాళ్లు ఇవ్వలేదని చూపే కాగితం రేపు మీ చేతిలో ఉంటుంది.

గడువు నడుస్తుండగా

ప్రతి సమీక్ష అయిన రోజే అందులో మాట్లాడుకున్నది ఐదారు పంక్తుల్లో మేనేజర్‌కు మెయిల్ చేయండి: ఈ వారం పూర్తయినవి ఇవి, మీరు బాగున్నాయన్నవి ఇవి, వచ్చే వారానికి ఇచ్చినవి ఇవి, పొరపాటుంటే సరిచేయండి. మేనేజర్ సమీక్ష రద్దు చేస్తే ‘ఈ వారం సమీక్ష జరగలేదు, కొత్త తేదీ చెప్పండి’ అని ఒక పంక్తి. హాజరు, లాగిన్ వేళలు, టైమ్‌షీట్లు ఈ రోజుల్లో మచ్చ లేకుండా ఉండాలి. పనితీరు మీద దొరకనిది అక్కడ వెతుకుతారు.

అదే సమయంలో ఉద్యోగ వేట మొదటి రోజు నుంచే మొదలవ్వాలి. పిప్ నెగ్గుతారనే నమ్మకం ఉన్నా సరే. ఉద్యోగంలో ఉండగా వెతకడానికి, లేనప్పుడు వెతకడానికి జీతం బేరంలోనే తేడా వస్తుంది. పాత సహోద్యోగుల రిఫరల్స్ ముందు, ఉద్యోగ పోర్టళ్లు తర్వాత. ఇంటర్వ్యూలో పిప్ ప్రస్తావన మీ అంతట మీరు తేవాల్సిన పని లేదు. నేరుగా అడిగితే అబద్ధం మాత్రం చెప్పకండి. సెలవు పెట్టి వెళ్లండి, ఆఫీసు లాప్‌టాప్‌లో రెజ్యూమె తెరవకండి.

‘మీ మంచికే చెబుతున్నాం’

గడువు ముగిసేలోపే, ఒక్కోసారి రెండో వారంలోనే, ఇంకో సమావేశం పెడతారు. మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి: ‘మీరు ఎలాగూ నెగ్గలేరు. మీ అంతట మీరే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుంది. మేము తొలగిస్తే రికార్డు పాడవుతుంది, ఇంకెక్కడా ఉద్యోగం రాదు. సాయంత్రం 6 లోపు పోర్టల్‌లో పెట్టేయండి.’ గొంతు మెత్తగానే ఉంటుంది. తలుపు వేసి ఉంటుంది. ఒక్కోసారి ఫోను బయట పెట్టమంటారు.

ఆ గదిలో మీరు చెప్పాల్సింది ఒక్కటే: ‘నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. మీ ప్రతిపాదన ఏదైనా ఉంటే మెయిల్‌లో పంపండి, చదివి జవాబిస్తాను.’ ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతుతో. తర్వాత లేచి బయటికి రావచ్చు. మిమ్మల్ని ఆ గదిలో ఆపే హక్కు ఎవరికీ లేదు.

బయటికి వచ్చిన గంటలోపు మెయిల్: ‘ఈ రోజు 3 గంటలకు ఫలానా గదిలో ఫలానావారి సమక్షంలో నన్ను సాయంత్రం 6 లోపు రాజీనామా చేయమన్నారు. చేయకపోతే తొలగిస్తామన్నారు. నేను రాజీనామా చేయడం లేదు. పిప్ గడువు ఫలానా తేదీ వరకు ఉంది, అప్పటిదాకా పని కొనసాగిస్తాను.’ లాగిన్ తీసేసి ఉంటే సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్ అధికారిక చిరునామాకు పంపి, అదే ప్రతిని స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఆడియో రికార్డింగు గురించి అందరూ అడుగుతారు. మీరు పాల్గొన్న సంభాషణ రికార్డును భారత న్యాయస్థానాలు సాక్ష్యంగా స్వీకరించిన సందర్భాలున్నాయి, కాకపోతే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువపత్రం జతచేయాలి. కంపెనీ నియమాల్లో రికార్డింగు నిషేధం ఉంటే మాత్రం అదే మీ మీద చర్యకు సాకు అవుతుంది. నా మటుకు నేను వెంటనే రాసిన మెయిల్‌నే ఎక్కువ నమ్ముతాను.

బెదిరింపుల్లో నిజమెంత? తొలగించినా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ హోదాలో పని చేశారో చెప్పే పత్రం అడిగి తీసుకోవచ్చు. ‘నాస్కామ్ బ్లాక్‌లిస్టులో పెడతాం’ అనేది మరో పాత పాట. ఐటీ కంపెనీల సంఘమైన నాస్కామ్ ఆధ్వర్యంలోని నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ ఉద్యోగుల వివరాలను ధ్రువీకరించడానికి పెట్టింది, పిప్‌లో ఓడినవారి చిట్టా కాదు. తర్వాతి కంపెనీ చేయించే నేపథ్య తనిఖీలో ‘తొలగించారు’ అని రావడం కొంత ఇబ్బందే, అది కాదనను. ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికి రాజీనామా ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చు, వెల కట్టించుకుని.

ఒత్తిడిలో అప్పటికే బటన్ నొక్కేశారా? ఆ రోజే, వీలైతే ఆమోదం రాకముందే, ‘ఒత్తిడి వల్ల ఇచ్చాను, వెనక్కి తీసుకుంటున్నాను’ అని రాయండి. ముందు తేదీ వేసి ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చని 1978లో సుప్రీంకోర్టు ఒక హైకోర్టు న్యాయమూర్తి విషయంలో చెప్పింది. ప్రైవేటు ఉద్యోగంలో మీ నియామక పత్రంలోని షరతులను బట్టి దాని బలం మారుతుంది. కానీ రాయకపోతే అసలు వాదనే ఉండదు.

బేరం

వెళ్లిపోవాలనే మీరూ అనుకుంటే సిగ్గుపడకుండా బేరం చేయండి. మొదట నియామక పత్రంలో నోటీసు నిబంధన చూడండి. ఇరువైపులా 60 లేదా 90 రోజులని ఉంటే, కంపెనీ పంపేటప్పుడు అంత జీతం బాకీ పడుతుంది. అది బేరానికి మొదటి మెట్టు మాత్రమే, దాన్నే గొప్ప ప్యాకేజీగా చూపితే ఒప్పుకోకండి. దాని మీద సర్వీసును బట్టి కొన్ని నెలల జీతం అడగండి.

ఆఖరి పనిదినం ఏ తేదీ అన్నదాంట్లో డబ్బుంది. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ కావాలంటే ఐదేళ్ల సర్వీసు ఉండాలి. నాలుగేళ్ల పది నెలలు అయినవారు రెండు నెలల నోటీసు కాలాన్ని జీతంగా తీసుకోకుండా సర్వీసుగా కొనసాగించమని అడగాలి. లెక్క తేలికే: ఆఖరి నెల మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి 60,000 రూపాయలు, ఆరేళ్ల సర్వీసు అనుకుంటే 60,000ను 26తో భాగించి, 15తో, ఆపైన 6తో గుణించాలి. దాదాపు 2,07,692 రూపాయలు. కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం భత్యాలు మొత్తం జీతంలో సగాన్ని మించితే మించిన భాగం కూడా వేతనంలోకి చేరుతుంది కాబట్టి కొందరికి ఇది పెరుగుతుంది. అలాగే షేర్లు చేతికి వచ్చే తేదీ, వార్షిక బోనస్ చెల్లించే తేదీ దగ్గరలో ఉంటే ఆఖరి రోజును వాటి అవతలికి జరపమనండి. చేరినప్పుడు ఇచ్చిన బోనస్‌ను, శిక్షణ బాండు సొమ్మును తిరిగి వసూలు చేయబోమని రాయించుకోండి. రిలీవింగ్ లెటర్‌లోని మాటలు, నేపథ్య తనిఖీకి కంపెనీ చెప్పే జవాబు కూడా ఆ ఒప్పందంలోనే ఉండాలి.

ఇవన్నీ నోటిమాటగా ఒప్పుకుంటారు, కాగితం మీద మాత్రం ‘ముందు రాజీనామా పెట్టండి, తర్వాత చూద్దాం’ అంటారు. వరస తిరగేయండి: ముందు సంతకం చేసిన ఒప్పందం లేదా కనీసం హెచ్‌ఆర్ మెయిల్, తర్వాత రాజీనామా. ఆ రాజీనామాలోనూ ‘వ్యక్తిగత కారణాలు’ అని కాకుండా ‘ఫలానా తేదీన మన మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం’ అని రాయండి. ఇకపై ఏ క్లెయిమూ చేయనని రాసే షరతు ఆ ఒప్పందంలో ఉంటుంది కనుక, డబ్బు మొత్తం పెద్దదైతే సంతకానికి ముందు లేబర్ చట్టాలు చూసే న్యాయవాదికి ఒకసారి చూపించండి.

లేబర్ ఆఫీసు దారి

రాజీనామా ఇవ్వకపోతే కంపెనీ తొలగింపు లేఖ ఇస్తుంది. అక్కడి నుంచి చట్టం మొదలవుతుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ఇందులో రక్షణ ‘కార్మికుడి’కి. లక్షల జీతం తీసుకునే నేను కార్మికుణ్ణి ఎలా అవుతానని ఐటీవాళ్లు తమకు తామే అనర్హత ప్రకటించుకుంటారు. చట్టం చూసేది చేసే పనిని. సాంకేతిక పని చేసేవారు కార్మికులే. నెలకు 18,000 రూపాయల పరిమితి పర్యవేక్షణ పని చేసేవారికి మాత్రమే. ప్రధానంగా నిర్వహణ, పరిపాలన బాధ్యతల్లో ఉన్నవారు బయట. హోదాలో ‘లీడ్’ అని ఉన్నంత మాత్రాన నిర్వాహకులు కారు. రోజూ కోడ్ రాసేవారా, సెలవులు మంజూరు చేసి రేటింగులు ఇచ్చేవారా అన్నదే తేలుస్తుంది.

కార్మికుడైతే, ఏడాది నిరంతర సర్వీసు ఉండి క్రమశిక్షణ చర్యగా కాకుండా తొలగించినప్పుడు ఒక నెల నోటీసు లేదా దానికి బదులు జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారం రావాలి. దీనికి తోడు పునర్‌నైపుణ్య నిధి కింద 15 రోజుల వేతనం. దరఖాస్తు రాజీ అధికారికి, అంటే మీ ఆఫీసు ఉన్న ప్రాంతపు సహాయ లేదా ఉప కార్మిక కమిషనర్‌కు పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో దారి తెలియకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడగవచ్చు. రాజీ ప్రక్రియకు 45 రోజులు. కుదరకపోతే రాజీ అధికారి ఇచ్చే నివేదిక అందిన 90 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. వివాదం మొదలైన రెండేళ్లు దాటితే రాజీ అధికారి చేపట్టరు.

దీనికి తోడు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆరు నెలలు నిరంతరం పని చేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల నోటీసు లేకుండా పంపకూడదని అందులో ఉంది. ఐటీకి ప్రభుత్వాలు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చాయి, కాబట్టి ఈ నిబంధన మీ కంపెనీకి వర్తిస్తుందో లేదో ముందు కనుక్కోండి. మేనేజర్ స్థాయివారికి మిగిలేది ఒప్పందం ఆధారంగా సివిల్ కోర్టు, అక్కడ సాధారణంగా నోటీసు కాలపు జీతాన్ని మించి ఆశించలేం.

నిజం చెప్పాలంటే ఈ దారి నెమ్మది, కోర్టు దాకా వెళితే ఏళ్లు పడుతుంది. అయినా రాజీ అధికారి పంపే నోటీసుకు ఒక గుణం ఉంది. అప్పటిదాకా స్థానిక హెచ్‌ఆర్ చేతిలో ఉన్న ఫైలు కంపెనీ న్యాయ విభాగానికి చేరుతుంది, వాళ్లు ఖర్చు లెక్క వేస్తారు. ఒంటరిగా వెళ్లాల్సిన పని లేదు. ఫైట్, పుణెలోని నైట్స్, బెంగళూరులో ఉన్నవారికి కిటు వంటి ఐటీ ఉద్యోగుల సంఘాలు దరఖాస్తు రాయడంలో సాయం చేస్తాయి. ఒకే వారంలో పిప్ అందుకున్న పదిమంది కలిసి వెళితే దాని బలమే వేరు.

అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి

అక్కడ మోంటానా తప్ప మిగతా రాష్ట్రాల్లో కారణం చెప్పకుండానే తీసేయవచ్చు. మరి పిప్ ఎందుకంటే, వయసు, జాతి, లింగ వివక్ష కేసు వేస్తే చూపించడానికి. ఉద్యోగం పోయాక 60 రోజుల వరకు, లేదా దేశంలో ఉండడానికి ఇచ్చిన అనుమతి (ఐ-94) గడువు ముందే ముగిసిపోతే అప్పటివరకు, దేశంలో ఉండవచ్చు. ఆ లెక్క సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజు నుంచి. అందుకే సెవరెన్స్ (తొలగింపు పరిహారం) ఒకేసారి తీసుకోవడం కన్నా పేరోల్ మీద మరికొన్ని వారాలు ఉంచమని అడగడం మేలు. దాని విషయంలో ముందుగా ఇమిగ్రేషన్ లాయర్‌ను సంప్రదించండి. ఆ అనుమతి గడువుకు ముందే కంపెనీ తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణపు ఖర్చు అదే ఇవ్వాలి, మీరే రాజీనామా చేస్తే ఇవ్వనక్కరలేదు. 40 ఏళ్లు దాటినవారికి వయసు వివక్ష హక్కులు వదులుకునే సెవరెన్స్ ఒప్పందం ఇస్తే ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం చేశాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టమే ఇస్తోంది. సంభాషణ రికార్డు చేయాలనుకుంటే రాష్ట్రం చూసుకోండి: టెక్సస్, న్యూజెర్సీల్లో మీ ఒక్కరి సమ్మతి చాలు, కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లలో అందరి సమ్మతీ కావాలి.

ఆఖరి రోజు తర్వాత

వేతనాల కోడ్ ప్రకారం తొలగించినా, రాజీనామా చేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నెలన్నర తర్వాత అనే పాత అలవాటును మెయిల్‌లో ప్రశ్నించండి. గ్రాట్యుటీకి 30 రోజులు. లాప్‌టాప్, గుర్తింపు కార్డు అప్పగించినట్టు రసీదు తీసుకోకుండా ఇవ్వకండి. ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. ఇంట్లో షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దలుంటే గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు పెట్టండి. పీఎఫ్ ఖాతాలో నిష్క్రమణ తేదీ కంపెనీ నమోదు చేయకపోతే, ఆఖరి చందా జమయిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.